ఒకే ఫైలు, పదకొండు గంటల తేడా: సీడీ ఇమేజ్‌లలో టైమ్‌స్టాంప్‌లు ఎలా చదవాలి?

పాతప్రెస్సు | శుక్రవారం, రాత్రి 9:48

నమస్కారం. మా నాన్నగారు రాజమండ్రిలో చాలా ఏళ్లు డీటీపీ సెంటరు నడిపారు. అప్పటి పనంతా సీడీల్లో ఉంది: పేజ్‌మేకర్ ఫైళ్లు, అను అనే తెలుగు ఫాంట్లు, ముఖచిత్రాల స్కాన్లు. మొత్తం 140 సీడీలు. ఒక్కొక్కదానికీ ఇమేజ్ తీసి (అంటే సీడీలోని బైట్లన్నిటినీ ఉన్నవి ఉన్నట్టు ఒకే ఫైలుగా దించి), లోపలి ఫైళ్ల పేర్లు, పరిమాణాలు, తేదీలు ఒక పట్టికలోకి ఎక్కించడానికి పైథాన్‌లో చిన్న ప్రోగ్రామ్ రాసుకున్నాను. లైబ్రరీలేవీ వాడలేదు. సీడీలో ఫైళ్లు ఎలా అమర్చాలో చెప్పే ఐఎస్‌ఓ 9660 ప్రమాణం చూసుకుంటూ, ఒక్కో ఫైలు వివరాలుండే డైరెక్టరీ రికార్డులు నేనే విప్పుతున్నాను.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, 1999లో నాన్నగారు పేజీలు కట్టిన ఒక పుస్తకాన్ని రచయిత కుటుంబం మళ్లీ అచ్చు వేయాలనుకుంటోంది. దాని ఏడో అధ్యాయం మూడు సీడీల్లో ఉంది. నా ప్రోగ్రామ్ చూపిస్తున్న సమయాలు ఇవి:

మొదటి సీడీ: 1999 మార్చి 12, 18:40:10
రెండో సీడీ: 1999 మార్చి 12, 21:35:22
మూడో సీడీ: 1999 మార్చి 13, 05:40:10

మొదటి సీడీలోనూ మూడో సీడీలోనూ ఉన్న ఫైళ్ల చెక్‌సమ్ (బైట్లన్నిటి నుంచి లెక్కకట్టే అంకె) ఒకటే. అంటే రెండూ ఒకే ఫైలు. రెండో సీడీలోది వేరు. ఈ లెక్కన ఒకే ఫైలు రెండో సీడీలోని దానికన్నా పాతదీ అవుతోంది, కొత్తదీ అవుతోంది. చివరి దిద్దుబాట్లు పడిన ఫైలు ఏదో తేల్చాలి. నాన్నగారికి గుర్తు లేదు.

సందేహాలరావు | శుక్రవారం, రాత్రి 10:05

సమయాల గొడవ ఎందుకండీ? రెండు ఫైళ్లూ తెరిచి పక్కపక్కన పెట్టుకుని చదివితే సరిపోతుంది కదా.

పాతప్రెస్సు | శుక్రవారం, రాత్రి 10:11

పేజ్‌మేకర్ నడిచే యంత్రం ఇప్పుడు నా దగ్గర లేదు. వేరే ప్రోగ్రామ్‌తో తెరిస్తే అను అక్షరాలు పిచ్చిగీతలుగా కనిపిస్తున్నాయి. పాత యంత్రం ఒకటి వెతుకుతున్నాను. అయినా 140 సీడీల్లో ఇలాంటి జంటలు ఎన్ని ఉన్నాయో! అన్నీ కంటితో పోల్చడం నా వల్ల కాదు.

ఏడుబైట్లు | శుక్రవారం, రాత్రి 10:40

మీ ప్రోగ్రామ్ చూపించేది పక్కన పెట్టి, డిస్కులో ఏమి రాసి ఉందో చెప్పండి. డైరెక్టరీ రికార్డులో మొదటి బైటును సున్నాగా లెక్కపెడితే 18వ బైటు నుంచి ఏడు బైట్లు తేదీ. సంవత్సరం (1900 నుంచి ఎన్నోది), నెల, రోజు, గంట, నిమిషం, సెకను, ఏడోది టైమ్ జోన్. మూడు సీడీలవీ ఆ ఏడు అంకెలూ ఇక్కడ పెట్టండి. బైట్లను నేరుగా చూపించే హెక్స్ ఎడిటర్‌లో చూసి రాయండి, ప్రోగ్రామ్‌ను అడగవద్దు.

పాతప్రెస్సు | శుక్రవారం, రాత్రి 11:02

మామూలు అంకెల్లోకి మార్చి రాస్తున్నాను.

మొదటిది: 99, 3, 12, 18, 40, 10, 22
రెండోది: 99, 3, 12, 16, 5, 22, 0
మూడోది: 99, 3, 12, 18, 40, 10, 234

చివరి బైటు పదిహేను నిమిషాల ముక్కల్లో ఉంటుందని చదివాను. 22 అంటే అయిదున్నర గంటలు, మన సమయం. మరి 234 ఏమిటి? యాభై ఎనిమిదిన్నర గంటలు అవుతుంది, అలాంటి జోను భూమ్మీద లేదు.

ఏడుబైట్లు | శుక్రవారం, రాత్రి 11:20

అది గుర్తు ఉన్న బైటు. తూర్పుకు ధనసంఖ్య, పడమరకు రుణసంఖ్య. 234ను గుర్తుతో చదివితే, అంటే 256 తీసేస్తే, −22. మీ ప్రోగ్రామ్ సరిగ్గానే చదివింది, హెక్స్ ఎడిటర్‌లో చూసినప్పుడు మీ కన్ను పొరబడింది.

మూడింట్లోనూ మొదటి ఆరు అంకెలే చూడండి. మొదటిది 18:40:10. మూడోదీ 18:40:10. రెండోది 16:05:22. ఏడో బైటును చేత్తో మూసేస్తే మీ వైరుధ్యం మాయమైపోతుంది. ఒకే ఫైలుకు ఒకే సమయం వచ్చింది, రెండో సీడీలోది దానికన్నా రెండున్నర గంటలు పాతది.

మూడో సీడీలో జరిగింది ఇది. 18:40 అని రాసి, పక్కన ‘ఇది గ్రీనిచ్‌కు అయిదున్నర గంటలు వెనక ఉన్న ఊరి సమయం’ అని రాశారు. మీ ప్రోగ్రామ్ దాన్ని నమ్మి, అయిదున్నర కలిపి గ్రీనిచ్ సమయం చేసింది. మన సమయంలో చూపించడానికి మళ్లీ అయిదున్నర కలిపింది. మొత్తం పదకొండు గంటలు. ఇది గుర్తు తిరగబడిన కేసు, పాతదే. లైనక్స్ కర్నెల్‌లో ఐఎస్‌ఓ తేదీలు విప్పే ఫైలులో దీని గురించి ఒక వ్యాఖ్య చాలా ఏళ్లుగా ఉంది: సీడీ ఇమేజ్‌లు తయారుచేసే ఎంకేఐఎస్‌ఓఎఫ్‌ఎస్ ప్రోగ్రామ్‌లో 1.10కు ముందు కూర్పులు ఆఫ్‌సెట్ గుర్తును తప్పుగా రాసేవని, తరువాత దిద్దారని. మీ సీడీని రాసింది అదే అని నేను అనడం లేదు. లక్షణం మాత్రం అదే.

ఏ ప్రోగ్రామ్ రాసిందో చాలాసార్లు సీడీయే చెబుతుంది. 16వ సెక్టారులో, అంటే 32,768వ బైటు దగ్గర, సీడీ మొత్తం వివరాలుండే ప్రైమరీ వాల్యూమ్ డిస్క్రిప్టర్ ఉంటుంది. అందులో 574వ బైటు నుంచి 128 అక్షరాలు అప్లికేషన్ పేరుకు కేటాయించారు.

పాతప్రెస్సు | శుక్రవారం, రాత్రి 11:51

చూశాను, పేరు ఉంది. పాతికేళ్ల కిందటి తప్పుకు ఇప్పుడు ఎవరినీ బజారుకు ఈడ్చడం ఇష్టం లేక ఇక్కడ రాయడం లేదు. ఆ సీడీ నాన్నగారి మిత్రుడి ఇంట్లో, ఆయన లైనక్స్ కంప్యూటర్ మీద రాసినదని మాత్రం తెలిసింది.

మరి రెండో సీడీలో సున్నా సంగతి? గ్రీనిచ్ సమయం అని కదా అర్థం?

సర్వర్‌గది | శనివారం, ఉదయం 7:30

నిన్నటినుంచి చదువుతున్నాను. ఇంత తర్జనభర్జన ఎందుకో అర్థం కావడం లేదు. సున్నా అంటే సున్నాయే. ప్రమాణంలో ఉన్నది ఉన్నట్టు చదివి, అన్నిటినీ యూటీసీలోకి, అంటే గ్రీనిచ్ సమయంలోకి మార్చి డేటాబేస్‌లో పెట్టండి, చూపించేటప్పుడు స్థానిక సమయంలోకి మార్చండి. ఎక్కడ చూసినా ఇదే పద్ధతి. పదేళ్లుగా నేను చేస్తున్నది ఇదే, ఒక్కసారి కూడా దెబ్బ తినలేదు.

ఏడుబైట్లు | శనివారం, ఉదయం 8:15

మీ సర్వర్లు పుట్టించే సమయాలకు ఆ పద్ధతి బంగారం. గడియారం మీది, జోను మీది. ఇక్కడ గడియారం ఎవరిదో, జోను ఎవరు పెట్టారో తెలియని పాత సామాను ఉంది. యూటీసీలోకి మార్చిన క్షణంలో 16:05, సున్నా అనే రెండు వాస్తవాలు పోయి 21:35 అనే ఒక ఊహ మిగులుతుంది. ఆ ఊహ తప్పని రేపు తెలిస్తే, వెనక్కి వెళ్లడానికి డేటాబేస్‌లో ఏమీ ఉండదు.

డాలస్‌పిట్ట | శనివారం, ఉదయం 8:52

నేను డీవీడీల వైపు పనిచేశాను కాబట్టి ఒక మాట. డీవీడీల్లో వాడే యూడీఎఫ్ పద్ధతిలో టైమ్‌స్టాంప్ పన్నెండు బైట్లు. అందులో మొదటి పదహారు బిట్లలో నాలుగు రకానికి, పన్నెండు టైమ్ జోన్‌కు. జోను నిమిషాల్లో ఉంటుంది, గ్రీనిచ్‌కు అటూ ఇటూ 1440 వరకు. మన దేశానికి 330. సెకను కింద మైక్రోసెకను దాకా రాసుకోవచ్చు. ఇవన్నీ ఒక ఎత్తు, −2047 అనే అంకె ఒక్కటే ఒక ఎత్తు. ఆ అంకె ఉంటే ‘జోను చెప్పలేదు’ అని అర్థం.

ఐఎస్‌ఓ 9660 డైరెక్టరీ రికార్డులో ఆ వీలు లేదు. జోను తెలియని ప్రోగ్రామ్ ఏడో బైటులో ఏదో ఒకటి రాయాలి కాబట్టి సున్నా రాసేస్తుంది. అందుకే సున్నా కనిపిస్తే అది గ్రీనిచ్ కావచ్చు, ‘నాకు తెలియదు’ కావచ్చు. బైటును చూసి మీరు తేల్చలేరు.

(ఈ వేదిక నా పోస్టుకు ఉదయం 8:52 అని చూపిస్తోంది. ఇక్కడ ఇంకా శుక్రవారం రాత్రి పది దాటింది. చర్చకు తగిన వేదికే.)

కోనసీమ | శనివారం, ఉదయం 9:20

ఐఎస్‌ఓ 9660కు ముందు తరం ఇంకా నయం. 1986 నాటి హై సియెర్రా పద్ధతిలో తేదీకి ఆరు బైట్లే, జోను బైటే లేదు. అబద్ధం చెప్పే అవకాశమే ఇవ్వలేదు. అలాంటి సీడీ ఎదురైతే మాత్రం జాగ్రత్త, ఏడో బైటు అక్కడ ఫ్లాగులది. దాన్ని జోను అనుకుని చదివితే చిత్రమైన ఊళ్లన్నీ తిరిగి వస్తారు.

తూచాలు | శనివారం, ఉదయం 10:04

పనిలో పనిగా: ప్రమాణంలో ఏడో బైటుకు హద్దులు −48 నుంచి 52 వరకు. అంటే పన్నెండు గంటలు వెనక నుంచి పదమూడు గంటలు ముందు దాకా. నేపాల్‌కు 23. కిరిబాటి దేశపు తూర్పు దీవులు 1995లో గ్రీనిచ్‌కు పద్నాలుగు గంటలు ముందున్న జోనుకు మారాయి, వాటికి 56 కావాలి. 1988 నాటి ప్రమాణంలో వాళ్లకు చోటు లేదు. కాబట్టి హద్దు దాటిన అంకె కనిపిస్తే చెత్త అని వెంటనే కొట్టేయకుండా ఒకసారి చూడండి.

సందేహాలరావు | శనివారం, ఉదయం 10:10

రాజమండ్రి సీడీల్లో కిరిబాటి ఫైళ్లు దొరికితే నేనే వచ్చి చూస్తాను లెండి.

వేళాపాళా | శనివారం, మధ్యాహ్నం 12:35

సున్నా సంగతి బైటును చూసి తేల్చలేం, నిజమే. కానీ మనుషులను చూసి తేల్చవచ్చు. పాతప్రెస్సు గారూ, మీ సెంటరు ఎన్నింటికి తెరిచేవారు, ఎన్నింటికి మూసేవారు? సున్నా ఉన్న సీడీలన్నిటిలోని ఫైళ్ల గంటలను ఒకచోట పోసి చూడండి. అంకెలు ఉదయం తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది మధ్య పడితే అవి రాజమండ్రి గంటలు. తెల్లవారుజామున మూడున్నర నుంచి మధ్యాహ్నం మూడున్నర మధ్య పడితే నిజంగానే గ్రీనిచ్ గంటలు. నాలుగైదు ఫైళ్లతో తేలదు కానీ వేల ఫైళ్లుంటే తేలిపోతుంది.

పాతప్రెస్సు | శనివారం, రాత్రి 8:17

మధ్యాహ్నం నుంచి అదే పనిలో ఉన్నాను. ముందు 140 ఇమేజ్‌లలోనూ ఏడో బైటు ఏమిటో లెక్క తీశాను. ఒక సీడీలోని ఫైళ్లన్నిటికీ ఒకే అంకె ఉంది.

22 ఉన్నవి 61
0 ఉన్నవి 48
224 ఉన్నవి 13
228 ఉన్నవి 9
234 ఉన్నవి 9

తరువాత వేళాపాళా గారు చెప్పినట్టు గంటలు పోశాను. సున్నా ఉన్న 48 సీడీల్లో 45 సీడీల ఫైళ్లన్నీ ఉదయం తొమ్మిదింబావుకూ రాత్రి పదింటికీ మధ్యే ఉన్నాయి. ఇంకో వింత. మధ్యాహ్నం ఒంటిగంటన్నర నుంచి మూడు దాకా దాదాపు ఖాళీ. గ్రాఫులో పన్ను ఊడినట్టు ఒక సందు. మా అమ్మ అది చూసి నవ్వింది. ఎండాకాలమైనా వానాకాలమైనా నాన్నగారు భోజనం చేసి మూడింటిదాకా పడుకునేవారు, షట్టరు సగం దించేసి. సున్నా అంకె ఏమి చెప్పినా ఆ నిద్ర మాత్రం రాజమండ్రి సమయమే.

మిగిలిన మూడు సీడీల్లో అర్ధరాత్రి రెండింటికి, మూడింటికి ఫైళ్లున్నాయి. అవి ఎటూ తేలలేదు.

ఇక 224, 228 ఏమిటో చెప్పండి. గుర్తుతో చదివితే −32, −28. ఎనిమిది గంటలు వెనక, ఏడు గంటలు వెనక. మాకు అమెరికాలో చుట్టాలు కూడా లేరు అప్పట్లో.

డాలస్‌పిట్ట | శనివారం, రాత్రి 8:40

చుట్టాలు అక్కర్లేదు. అప్పట్లో కంప్యూటర్‌ను విడిభాగాలతో బిగించి ఇచ్చేవారు కదా. విండోస్ ఎక్కించేటప్పుడు జోను అడిగే తెరలో పసిఫిక్ సమయం ముందే ఎంచి ఉండేది. బిగించిన అబ్బాయి ‘తరువాత’, ‘తరువాత’ అని నొక్కుకుంటూ పోతాడు. గడియారాన్ని మాత్రం మన సమయానికి తిప్పుతాడు, తేడాగా ఉంటే కొన్నవాళ్లు ఊరుకోరు కాబట్టి. ఫలితంగా గడియారం రాజమండ్రిది, జోను కాలిఫోర్నియాది.

నా అనుమానం నిజమైతే −28 ఉన్న సీడీలన్నీ ఎండాకాలంలో రాసినవై ఉండాలి. పసిఫిక్ జోనుకు వేసవిలో గంట ముందుకు జరిపే అలవాటుంది. అప్పటి నియమం ప్రకారం ఏప్రిల్ మొదటి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం దాకా. సీడీ రాసిన తేదీ చూడాలంటే ఆ డిస్క్రిప్టర్‌లోనే 813వ బైటు దగ్గర చూడండి. అక్కడి తేదీ పద్ధతి వేరు: పదహారు అంకెలు అక్షరాలుగా ఉంటాయి, పదిహేడో బైటు మాత్రం మళ్లీ గుర్తు ఉన్న సంఖ్య. ఆ చివరి బైటును కూడా అక్షరంగా చదివి తిప్పలు పడ్డవాళ్లలో నేనూ ఉన్నాను.

పాతప్రెస్సు | శనివారం, రాత్రి 9:33

మీ నోట్లో పంచదార పోయాలి. −28 ఉన్న తొమ్మిదీ 1999లో, 2000లో మే నుంచి సెప్టెంబరు మధ్య రాసినవి. −32 ఉన్న పదమూడూ నవంబరు నుంచి మార్చి మధ్య.

ఒక్కటి మాత్రం కొరుకుడు పడలేదు. జూన్‌లో రాసిన సీడీలో ఫిబ్రవరి నాటి ఫైళ్లు కూడా ఉన్నాయి, వాటికీ −28 ఉంది. ఫిబ్రవరిలో −32 కదా ఉండాల్సింది?

ఏడుబైట్లు | శనివారం, రాత్రి 10:12

మంచి ప్రశ్న. చర్చ అంతటికీ జవాబు ఇందులో ఉంది. సెకన్ల గడి చూడండి. మీరిచ్చిన మూడు ఫైళ్లవీ 10, 22, 10. మిగిలిన ఫైళ్లలో ఎక్కడైనా బేసి సెకను ఉందా?

పాతప్రెస్సు | శనివారం, రాత్రి 10:25

లేదు. విండోస్ కంప్యూటర్ల మీద తయారైన ఫైళ్లలో ఒక్క బేసి సెకను కూడా లేదు!

ఏడుబైట్లు | శనివారం, రాత్రి 10:58

అంటే ఆ ఫైళ్లు సీడీకి ఎక్కకముందు ఫ్యాట్ అనే పాత పద్ధతిలో ఫైళ్లు దాచే డిస్కు మీద ఉన్నాయి. ఫ్యాట్‌లో ఫైలు మార్చిన సమయానికి సెకన్లు రెండేసి లెక్కన నమోదవుతాయి, బేసి సెకను పట్టదు. సంవత్సరం 1980 నుంచి మొదలవుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, అందులో జోను అనే గడే లేదు. గోడ మీది గడియారం ఎంత చూపిస్తే అంత రాసుకుంటుంది.

కాబట్టి మీ ఫైళ్లకు పుట్టుకతో జోను లేదు. సీడీ రాసే ప్రోగ్రామ్ ఆ ఆరు అంకెలనూ ఉన్నవి ఉన్నట్టు దించుకుని, రాస్తున్న రోజున కంప్యూటర్‌లో ఏ ఆఫ్‌సెట్ ఉంటే దాన్ని అన్నిటికీ ఒకే ముద్రగా గుద్దేసింది. ఫిబ్రవరి ఫైలుకు −28 రావడానికి కారణం అదే. ఏడో బైటు మీ ఫైలు గురించి ఏమీ చెప్పడం లేదు, సీడీ రాసిన కంప్యూటర్ గురించి చెబుతోంది. అందుకే సీడీ అంతటికీ ఒకటే అంకె.

ఫైళ్లు ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే ఇంకో విండోస్ డిస్కు పద్ధతి నుంచి వచ్చి ఉంటే కథ వేరుగా ఉండేది. అక్కడ 1601 జనవరి 1 నుంచి లెక్క, వంద నానోసెకన్ల ముక్కల్లో, నేరుగా యూటీసీలో.

పాతప్రెస్సు | శనివారం, రాత్రి 11:30

ఇప్పుడే నాన్నగారికి ఫోను చేశాను. పసిఫిక్ జోను సంగతి చెబితే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత అడిగారు: “అయితే ఏటా ఏప్రిల్‌లో ఆ కంప్యూటర్ గడియారం గంట ముందుకు పరిగెత్తేది, అది ఇందుకేనా?”

ఏటా ఏప్రిల్ మొదటి వారంలో ఒక సోమవారం ఉదయం గడియారం గంట ముందు ఉండేదట. మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోతోందని కొత్తది కొని వేయించేవారు. వేశాక సమయం సరిచేసేవారు, అక్టోబరు దాకా బాగుండేది. అక్టోబరు చివర్లో గంట వెనక్కి పోయేది. మళ్లీ బ్యాటరీ! ఏడాదికి రెండు చొప్పున ఆ ఒక్క కంప్యూటర్‌కు. కొట్టువాడు నాసిరకం బ్యాటరీలు అంటగడుతున్నాడని అతనితో మాటలు కూడా మానేశారట.

సందేహాలరావు | శనివారం, రాత్రి 11:41

పాపం ఆ బ్యాటరీల కొట్టువాడు.

సర్వర్‌గది | ఆదివారం, ఉదయం 8:05

సరే, ఒప్పుకుంటున్నాను. సున్నాను గ్రీనిచ్ అనుకోమన్న నా సలహా ఈ సీడీలకు పనికిరాదు. కానీ కారణం తెలిసిపోయింది కదా, ఇప్పుడు ఇమేజ్‌లలోనే ఏడో బైటును 22కు మార్చేస్తే పోదా? నాలుగు వరసల కోడ్. ఇక ఏ ప్రోగ్రామ్‌తో తెరిచినా సరైన సమయమే కనిపిస్తుంది.

కోనసీమ | ఆదివారం, ఉదయం 8:31

వద్దు, వద్దు, వద్దు. ఇమేజ్ ముట్టుకుంటే చెక్‌సమ్ మారుతుంది. రేపు సీడీతో పోల్చి చూసుకోవాలంటే పోల్చడానికి ఏమీ ఉండదు. పైగా ఒకే ఫైలుకు తేదీలు ఎన్నిచోట్ల ఉంటాయో తెలుసా? మామూలు డైరెక్టరీలో ఒకటి. పొడవైన పేర్ల కోసం విండోస్ వాడే జోలియెట్ ఉంటే దాని డైరెక్టరీలో ఇంకొకటి. లైనక్స్‌లో రాసిన సీడీ అయితే రాక్ రిడ్జ్ అనే యూనిక్స్ పొడిగింపులోని టీఎఫ్ నమోదులో మార్చిన సమయం, చదివిన సమయం వంటివి విడివిడిగా. ఒకచోట దిద్ది ఒకచోట మరిచిపోతే ఇప్పటికన్నా గందరగోళం.

నా స్వానుభవం కూడా ఒకటి ఉంది. బూట్ అయ్యే లైనక్స్ ఇమేజ్ ఒకదానిలో వాల్యూమ్ తేదీ వంకరగా ఉందని చక్కదిద్దాను. బూట్ కావడం మానేసింది. ఐఎస్‌ఓకు యూయూఐడీ (డిస్కును గుర్తుపట్టే పేరు) అని లైనక్స్ చూపించేది ఆ మార్పు తేదీ అంకెలనే, మధ్యలో గీతలు పెట్టి. లైనక్స్‌ను బూట్ చేసే గ్రబ్ ఆ యూయూఐడీతోనే డిస్కును వెతుక్కుంటోంది. నేను తేదీ దిద్దాననుకున్నాను, నిజానికి డిస్కు పేరు మార్చేశాను. ఒక ఆదివారం మొత్తం పోయింది.

వేళాపాళా | ఆదివారం, ఉదయం 9:12

కోనసీమ గారితో ఏకీభవిస్తాను. ఇమేజ్ అలాగే ఉండాలి. దిద్దుబాటు పట్టికలో ఉండాలి.

నేనైతే పట్టికలో నాలుగు గడులు పెడతాను. డిస్కులో ఉన్న ఆరు అంకెలు, ఏ మార్పూ లేకుండా. ఏడో బైటు, ఉన్నది ఉన్నట్టు. మనం నిర్ణయించిన జోను. ఎందుకు అలా నిర్ణయించామో ఒక వాక్యం: ‘కొట్టు వేళలను బట్టి’, ‘పసిఫిక్ జోను పొరపాటు’, ‘గుర్తు తిరగబడింది’. ఆ వాక్యం రాయడానికి బద్ధకించవద్దు. అయిదేళ్ల తరువాత చూసేవారికి, అది మీరే కావచ్చు, మిగతా మూడు గడులకన్నా అదే అక్కరకు వస్తుంది.

తూచాలు | ఆదివారం, ఉదయం 10:20

మూడో గడి గురించి ఒక హెచ్చరిక. జోను తెలియని మూడు సీడీలకు ‘−00:00’ అని రాయాలని ఎవరికైనా బుద్ధి పుట్టవచ్చు. ఇంటర్నెట్‌లో తేదీలు రాసే ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 3339లో ఆ రాత ఉంది కానీ దాని అర్థం వేరు. యూటీసీ సమయం తెలుసు, అది ఏ ఊరిదో తెలియదు అని. మీకు ఉన్నది సరిగ్గా దానికి తలకిందులు: ఊరి గడియారం తెలుసు, యూటీసీ తెలియదు. అలాంటప్పుడు చివర ఏమీ తగిలించకుండా వదిలేయడమే పద్ధతి.

పైథాన్‌లోనూ అంతే. జోను లేని డేట్‌టైమ్‌ను జోను లేకుండానే దాచండి. దాన్ని వేరే జోనులోకి మార్చమని అడిగితే, పైథాన్ అభ్యంతరం చెప్పదు. ప్రోగ్రామ్ నడుస్తున్న కంప్యూటర్ జోనే దానిదని అనుకుంటుంది. మీ ఇంట్లో ఒక జవాబు, యూటీసీలో నడిచే సర్వర్ మీద ఇంకో జవాబు వస్తుంది. రెండుచోట్లా తప్పు అని చూపించదు.

సర్వర్‌గది | ఆదివారం, ఉదయం 10:34

ఆ చివరిది మాత్రం నాకు బాగా తెలుసు. పైన ‘దెబ్బ తినలేదు’ అని రాసినప్పుడు అది మరిచిపోయాను.

కొత్తగా_చేరాను | ఆదివారం, మధ్యాహ్నం 3:15

క్షమించాలి, సంబంధం ఉన్న ప్రశ్నే. నా దగ్గర పెన్‌డ్రైవుల ఇమేజ్‌లు ఉన్నాయి, ఫ్యాట్‌వి. లైనక్స్‌లో మౌంట్ చేస్తే సమయాలు ఒకలా, విండోస్‌లో ఒకలా వస్తున్నాయి. నేనూ ఏడో బైటు చూడాలా?

కోనసీమ | ఆదివారం, మధ్యాహ్నం 3:40

ఫ్యాట్‌లో ఆ బైటే లేదు, పైన ఏడుబైట్లు గారు చెప్పారు. డిస్కులో ఉన్న అంకెలే కనిపించాలంటే, లైనక్స్‌లో మౌంట్ చేసేటప్పుడు టీజెడ్ ఐచ్ఛికానికి యూటీసీ అని ఇచ్చి, చూసేటప్పుడు కూడా యూటీసీలోనే చూడండి. తరువాత ఏ ఊరివో మీరే నిర్ణయించుకోండి. పెన్‌డ్రైవు ఎక్స్‌ఫ్యాట్ అయితే ఈ మాట వర్తించదు. అందులో జోను బైటు ఉంది, పదిహేను నిమిషాల ముక్కల్లోనే. అది చెల్లుతుందో లేదో చెప్పడానికి విడిగా ఒక బిట్ కూడా ఉంది. వివరాలు కావాలంటే వేరే చర్చ మొదలుపెట్టండి, అక్కడికి వస్తాను.

పాతప్రెస్సు | బుధవారం, రాత్రి 9:05

కొత్త వార్త. కాకినాడలో నాన్నగారి పాత శిష్యుడి దగ్గర పేజ్‌మేకర్ ఇంకా నడుస్తున్న కంప్యూటర్ ఉందని తెలిసి, రెండు ఫైళ్లూ పట్టుకుని వెళ్లాను. నాన్నగారూ వచ్చారు.

16:05 నాటి ఫైలులో 112వ పేజీలో ‘ప్రథానం’ అని ఉంది. 18:40 నాటి ఫైలులో ‘ప్రధానం’ అని దిద్ది ఉంది. ఆ పేజీలోనే ఇంకో రెండు చోట్ల ఒత్తులు సరిచేసి ఉన్నాయి. తెర మీద ఆ ‘ధ’ చూడగానే నాన్నగారికి అంతా గుర్తొచ్చింది. రచయిత ప్రూఫులు సాయంత్రం బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపేవారట. అవి అయిదింటికి వచ్చేవి. ఏడింటికల్లా దిద్ది ప్రింటు తీయాలి. అంటే 18:40 ఫైలే చివరిది. నా ప్రోగ్రామ్ మాట విని రెండో సీడీలోది తీసుకుని ఉంటే దిద్దని పేజీలే మళ్లీ అచ్చయ్యేవి.

పట్టికను వేళాపాళా గారు చెప్పిన నాలుగు గడులతో మళ్లీ తయారుచేశాను. తేలని మూడు సీడీల గురించి నాన్నగారిని అడిగితే, ఎన్నికల కరపత్రాల రోజుల్లో రాత్రంతా పనిచేసేవాళ్లమని అన్నారు. ఫైళ్ల పేర్లు చూస్తే రెండు సీడీల్లో ఉన్నవి కరపత్రాలే. వాటికి మన సమయం అని రాసి, కారణం గడిలో ‘ఎన్నికల పని’ అని పెట్టాను. మూడో దానిలో అన్నీ ఫాంట్లే, ఎవరి కంప్యూటర్ నుంచి వచ్చాయో తెలియదు. జోను గడి ఖాళీగా వదిలేశాను.

డాలస్‌పిట్ట | బుధవారం, రాత్రి 9:30

బ్యాటరీల కొట్టాయన ఇంకా ఉన్నారా?

పాతప్రెస్సు | బుధవారం, రాత్రి 9:44

ఉన్నారు, ఇప్పుడు సెల్‌ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. వచ్చేటప్పుడు నాన్నగారు కారు అక్కడ ఆపించి లోపలికి వెళ్లి, పావుగంట తరువాత వచ్చారు. చేతిలో ఒక ఫోను కవరు ఉంది. అది ఆయన ఫోనుకు సరిపోదు.